పండ్లకు చలువ చేయించిన కథ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగం. సావనీరు కోసం అక్కడక్కడ సరిచూసి రాసినది.)

 

కార్యదర్శి అన్న ఫోన్ చేసి "ఆరోగ్యం మీద అరగంట మాట్లాడప్పా" అన్నప్పుడు "అన్నా, నేను డాక్టరును కాదు, ఇంజనీరును" అన్నాను. "మన డాక్టర్లు ముగ్గురిని అడిగినా, ముగ్గురికీ తీరిక లేదంట. నీకుంటుందిలే" అన్నాడు. నాకు తీరిక ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పారో గానీ, ఒప్పుకున్నాను. ఎందుకంటే పోయిన ఏడాది నా నోట్లో జరిగిన ఒక సంగతి నా ఉద్యోగానికి చాలా దగ్గరగా ఉంది. అది చెబుతాను. డాక్టర్లు చెప్పాల్సింది డాక్టర్లే చెప్పాలి, నేను పేషెంటుగా, ఇంజనీరుగా తెలుసుకున్నది మాత్రమే చెబుతాను.

విషయం పండ్లు తెల్లబరచుకోవడం. బయటి జిల్లాల నుంచి మన ఊరికి అల్లుళ్ళుగా, కోడళ్ళుగా వచ్చినవాళ్ళు కూడా సభలో ఉన్నారు కాబట్టి ఒక మాట. మన వైపు పండ్లంటే సంతలో కొనేవే కాదు, నోట్లో ఉండేవి కూడా. పళ్ళు అని నాకు రాయడం వచ్చు, పలకడం రాదు.

ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం బట్టను తెల్లగా చేయడం. ఆదోనిలో పుట్టినవాడికి పత్తి గురించి కొత్తగా చెప్పేదేముంది. బడికి వచ్చే దోవలో జిన్నింగు మిల్లుల దూది గాలికి ఎగిరి మన తలల మీద పడేది. మా అమ్మమ్మది ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊళ్ళో ఏ వీధికి పోయినా మగ్గం చప్పుడే. సెలవులకు పోయినప్పుడు అక్కడ చూసిన కోరా గుడ్డ నాకు ఇంకా కండ్ల ముందుంది. తెలుపు కాదు, పసుపు కాదు, వేరుశనక్కాయ పొట్టు కలిసినట్టు ఒక రంగు. దాన్ని రేవులో చవుడు మట్టిలో నానబెట్టి, ఉబ్బ వేసి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరేసి, కొన్ని దినాలకు తెల్లగా చేసేవాళ్ళు. దానికి ఎంత చక్కని మాట ఉందో చూడండి, చలువ చేయడం. చలువ బట్టలు అనే మాట ఇప్పటి పిల్లలు వినే ఉండరు.

మిల్లులో మేము చేసేదీ ఆ పనే, రోజుల పని గంటల్లో. మా దగ్గర ఎండ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. 50 శాతం గాఢతతో డ్రమ్ముల్లో వస్తుంది. దాన్ని పలచన చేసి, కాస్టిక్ సోడా కలిపి, 95 డిగ్రీల వేడిలో బట్టకు పట్టిస్తాము. పెరాక్సైడ్ నుంచి పుట్టే ఆక్సిజన్, బట్టలో రంగును ఇచ్చే పెద్ద అణువులను చిన్న ముక్కలు చేస్తుంది. ముక్కలైనాక వాటికి రంగు ఉండదు. అంతే సూత్రం. ఇందులో మేము మొదట నేర్చుకునే పాఠం ఏమిటంటే, పెరాక్సైడుకు రంగు ఏది, నూలు ఏది అని తెలియదు. రంగు అయిపోయినాక కూడా ఇంకా మిగిలి ఉంటే అది నూలును తింటుంది. బట్ట చూడడానికి మల్లెపువ్వులా ఉంటుంది, లాగితే చిరుగుతుంది. బట్టలో ఎక్కడైనా చిన్న ఇనుప రజను ఇరుక్కుని ఉంటే అక్కడ రసాయనం ఒక్కసారిగా చెలరేగి చిల్లు పడుతుంది. అందుకే ముందు బట్టను పరీక్షించి, తర్వాత చలువకు వేస్తాము. ముప్పై ఏళ్ళు ఈ మాట కింది వాళ్ళకు చెప్పి చెప్పి, నా నోటి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయినాను.

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. నెల ముందు నిశ్చితార్థం ఫోటోలు చూస్తూ "నాయనా, నువ్వు ఏ ఫోటోలోనూ పండ్లు కనపడేట్టు నవ్వలేదు" అంది. నిజమే. ముప్పై ఏళ్ళ షిఫ్టు డ్యూటీల టీ, అంతకు ముందు కొన్నాళ్ళు సిగరెట్టు. నేను పని చేసే నగరంలో ఒక పెద్ద క్లినిక్కుకు పోయినాను. పేరు అక్కర్లేదు. లోపల డాక్టరు కంటే ముందు ఒక అమ్మాయి కనపడి ప్యాకేజీలు చూపించింది. గోల్డు, ప్లాటినం. పండ్ల రంగుల కార్డు ఒకటి తెచ్చి, మీరు ఇక్కడ ఉన్నారు సార్, గంటలో ఇక్కడికి వస్తారు అని వేలితో చూపించింది. మా మిల్లులో మేము బట్ట తెలుపును ఇట్లాగే కార్డుతో పోల్చి చూస్తాము కాబట్టి నాకు వెంటనే నమ్మకం కుదిరింది. నోరు తెరిపించి చూసింది రెండు నిమిషాలు. ఎక్సరే లేదు, నీ పండ్లు చన్నీళ్ళకు జివ్వుమంటాయా అనే ప్రశ్న లేదు.

పెదాలకు క్లిప్పులు పెట్టి, చిగుళ్ళ మీద ఒక పూత పూసి, పండ్లకు జెల్లు పట్టించి, నీలం లైటు వేశారు. ఏం జెల్లు అని అడిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ 35 శాతం అన్నారు. నవ్వు వచ్చింది, నోట్లో క్లిప్పులుండి నవ్వలేకపోయినాను. పావుగంట చొప్పున మూడుసార్లు. రెండోసారికి కింది వరసలో ఎడమ పక్క ఒక పన్ను జిల్లుమంది. చెయ్యి ఎత్తితే "కొంచెం ఓర్చుకోండి సార్, అయిపోవచ్చింది" అన్నారు. చిగురు ఒకచోట మంట పుట్టింది, తర్వాత అద్దంలో చూస్తే అక్కడ తెల్లగా పాలిపోయి ఉంది. అది నాకు బాగా తెలిసిన గుర్తు. మిల్లులో గ్లౌజు లేకుండా డ్రమ్ము ముట్టుకున్న కుర్రవాడి వేళ్ళ మీద వచ్చే తెలుపే అది. చర్మంలో అయితే కొన్ని గంటల్లో పోతుంది. చిగురు కూడా రెండు దినాల్లో మామూలైంది.

పండ్లు మాత్రం నిజంగా తెల్లబడినాయి. అబద్ధం చెప్పకూడదు. ఇంటికి వచ్చి అందరికీ చూపించినాను.

ఆ రాత్రి పదకొండుకు మొదలైంది. పిప్పిపన్ను నొప్పి మీకు తెలుసు, అది వచ్చి కూర్చుంటుంది. ఇది అట్లా కాదు. ఏమీ తినకుండా, తాగకుండా, ఊరికే పడుకొని ఉంటే ఒక పంటిలో నుంచి సూది మెరుపులా ఒకటి దూసుకుపోతుంది. అరనిమిషం ఏమీ ఉండదు. తర్వాత ఇంకో పంటిలో. చింతకాయ తింటే పండ్లు పులుస్తాయి చూడండి, దానికి నూరింతలు అనుకోండి. ఫ్యాను గాలి తగిలితే జివ్వు. మాట్లాడితే జివ్వు. కుండలో నీళ్ళు తాగితే కండ్లలో నీళ్ళు. పెళ్ళి మన ఆదోనిలోనే జరిగింది, మీలో చాలామంది వచ్చి ఆశీర్వదించినారు. భోజనాల్లో నేను ఎవరి పక్కనా కూర్చోలేదని కొందరు అనుకున్నారంట. కూర్చుంటే తినాలి కదా. రసం వేడి, మజ్జిగ చల్లన, మధ్యలో ఐస్‌క్రీము. ఫోటోలు ఇప్పుడు చూసుకుంటే అన్నింట్లోనూ నోరు మూసుకొనే ఉన్నాను. గాలి తగలకుండా.

మన బ్యాచీలో ఒక దంతవైద్యుడు ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, ఇక్కడే కూర్చున్నాడు. కళ్యాణమంటపం వంటగది వెనక నన్ను నిలబెట్టి, సెల్‌ఫోను లైటు వేసి, స్పూను కాడతో బుగ్గ పక్కకు జరిపి చూశాడు. "నీకు ఎడమ పక్క చిగుళ్ళు కిందికి జారినాయి, పండ్ల మొదట్లో గాట్లు పడినాయి, కనపడలేదా వాళ్ళకు?" అన్నాడు. కుడిచేత్తో తోముకునేవాడు ఎడమ వైపు ఎక్కువ బలంగా రుద్దుతాడంట. నేను ఎట్లా తోమేవాడినో వాడికి తెలుసు. హాస్టల్లో ఒకే తొట్టి దగ్గర నిలబడేవాళ్ళం. కచ్చిక పొడి, బొగ్గు, ఉప్పు, బాగా ఉన్నవాళ్ళ ఇంటి నుంచి వస్తే కోతి మార్కు నల్ల పళ్ళపొడి. వేలికి మంట పుట్టేదాకా రుద్దితే గానీ తోమినట్టు కాదు.

తర్వాత నెమ్మదిగా వాడు చెప్పింది, నేను చదువుకున్నది కలిపి చెబుతాను.

పంటి పై పొర ఎనామిల్. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే. మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. కానీ గట్టిదంటే సందు లేనిది అని కాదు. పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. ఎనామిల్‌లోని సూక్ష్మమైన సందుల గుండా, కింద ఉన్న డెంటిన్ పొర గుండా, నిమిషాల్లో లోపలి నరం దాకా చేరుతుంది. డెంటిన్‌లో సన్నని గొట్టాలు ఉంటాయి, ఒక్క చదరపు మిల్లీమీటరులో వేలకు వేలు. గొట్టం నిండా ద్రవం. చల్లన, తీపి, గాలి ఏది తగిలినా ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలిక నరం కొసకు తెలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త బ్రానస్ట్రోమ్ 1960ల్లో దీన్ని ప్రయోగాలతో నిలబెట్టాడు. పైపుల్లో నీళ్ళ ఒత్తిడి లెక్కలు చేసిన ఇంజనీర్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కొళాయి ఒకచోట తిప్పితే ఇంకోచోట పైపు అదిరినట్టు. చలువ చేసినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పెరాక్సైడ్ లోపలికి పోయి నరానికి కొద్దిగా వాపు తెస్తుంది. గంటసేపు నోరు తెరిచి ఉండడంతో పన్ను ఎండిపోతుంది. మామూలప్పుడు తట్టుకునే కదలికను కూడా వాచిన నరం తట్టుకోలేదు. ఇక చిగురు జారినచోట బయటపడేది వేరు. దానికి ఎనామిల్ ఉండదు. అక్కడ గొట్టాల మూతులు తెరిచే ఉంటాయి. మా బట్టలో ఇనుప రజను ఎట్లాంటిదో, నా పంటి మొదట్లో గాటు అట్లాంటిది.

చలువ చేయించుకున్నవాళ్ళలో సగానికి సగం మందికి ఎంతో కొంత ఈ జివ్వుమనడం వస్తుంది. భయపడాల్సిన పని లేదు, ఎక్కువమందికి కొన్ని దినాల్లో, బాగా ఆలస్యమైతే రెండు వారాల్లో, దానంతట అదే పోతుంది. నాకు పదకొండు రోజులు పట్టింది. మా వాడు ఇచ్చిన వైద్యం ఏమీ పెద్దది కాదు. పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న టూత్‌పేస్టు. పొటాషియం నరం కొసలను నెమ్మది పరుస్తుంది. మెత్తని బ్రష్షుతో రెండు పూటలా తోమి, పడుకునే ముందు కొంచెం వేలితో పండ్ల మొదట్లో రాసి, పుక్కిలించకుండా వదిలేయమన్నాడు. గోరువెచ్చని నీళ్ళు. నిమ్మకాయ, కూల్‌డ్రింకులు బంద్. అసలు ఈ పేస్టు రెండు వారాల ముందు నుంచే వాడి, తర్వాత చలువ చేయించుకొని ఉంటే ఇంత బాధ ఉండేది కాదంట. ఒక్క జాగ్రత్త చెప్పాడు. వేడి తగిలినప్పుడు నొప్పి వచ్చి నిమిషాల తరబడి పోకుండా ఉంటే, లేదా నిద్ర లేపేట్టు ఒకే పంటిలో సలుపుతుంటే, అది జివ్వుమనడం కాదు. ఆ పంటికి లోపల వేరే జబ్బు ఉన్నట్టు, వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి. ఇదే తెలుపును ఇంత హింస లేకుండా తెచ్చుకోవచ్చు. అమెరికాలో 1960ల్లో ఆర్కన్సాలో పండ్లు సరిచేసే డాక్టరు ఒకాయన చిగుళ్ళ పుండ్లకు ఒక యాంటీసెప్టిక్ మందును ట్రేలో పోసి రాత్రిపూట పెట్టుకోమన్నాడు. పుండ్లు మానినాయి, పండ్లు కూడా తెల్లబడినాయి. అందులో ఉన్నది కార్బమైడ్ పెరాక్సైడ్ 10 శాతం. 1989లో హేవుడ్, హైమన్ అనే ఇద్దరు దంతవైద్యులు ఈ పద్ధతిని పత్రికలో రాశాక ప్రపంచమంతా పాకింది. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కలో దాదాపు మూడున్నర శాతం. నాకు పూసింది దానికి పదింతలు. డాక్టరు మీ పండ్ల అచ్చు తీసి పలచని ట్రే చేసి ఇస్తాడు, అందులో బియ్యపు గింజంత జెల్లు వేసి రాత్రి పెట్టుకుంటే రెండు, మూడు వారాల్లో అదే తెలుపు వస్తుంది. జివ్వుమంటే ఒక రాత్రి మానేయవచ్చు, రోజు మార్చి రోజు పెట్టుకోవచ్చు. పగ్గం మన చేతిలో ఉంటుంది.

మిల్లులో మాకు ఇది కొత్త కాదు. బట్టను 95 డిగ్రీల్లో గంటలో చలువ చేయవచ్చు. లేదంటే రసాయనంలో ముంచి, పిండి, రోలుకు చుట్టి, ప్లాస్టిక్ కప్పి, చల్లగా ఒక రాత్రంతా తిప్పుతూ ఉంచవచ్చు. పొద్దునకు అదే తెలుపు. నూలుకు దెబ్బ తక్కువ. నాణ్యమైన సరుకు అడిగేవాళ్ళకు రెండోదే చేస్తాము. అవసరమంతా నా తొందరది. పెళ్ళికి నెల ఉంది, నేను గంట అడిగాను.

యూరప్ దేశాల్లో 2012 నుంచి ఒక నియమం ఉంది. 0.1 శాతం నుంచి 6 శాతం దాకా పెరాక్సైడ్ ఉన్న తెల్లబరిచే సరుకు దంతవైద్యుడి ద్వారానే ఇవ్వాలి, మొదటిసారి ఆయన సమక్షంలోనే వాడాలి. 18 ఏళ్ళ లోపు వాళ్ళకు వాడకూడదు. మన దగ్గర ఆన్‌లైనులో ఏది పడితే అది వస్తోంది, గాఢత ఎంతో కూడా రాసి ఉండదు. వెనక బెంచీల పిల్లలూ, ఇది మీకే.

నీలం లైటు గురించి కూడా అడుగుతారు. ఆ లైటు వల్ల చివరికి వచ్చే తెలుపు పెద్దగా పెరగదు, జివ్వుమనడం పెరగొచ్చు. పన్ను ఎండిపోవడంతో ఆ పూటకు ఎక్కువ తెల్లగా కనపడుతుంది, నాలుగు దినాల్లో తడి పట్టి కొంచెం వెనక్కి వస్తుంది. ఇక తోమిన వెంటనే తెలుపు అని ప్రకటించే కొన్ని పేస్టులలో నీలం రంగు ఉంటుంది. మన అమ్మలు పంచెలకు నీలిమందు పెట్టేవాళ్ళు కదా, అదే.

అసలు మనలో చాలామందికి చలువే అక్కర్లేదు. వక్కాకు, గుట్కా, టీ మరకలు పంటి పైన ఉండేవి. డాక్టరు దగ్గర ఒకసారి గార తీయించుకుంటే పోతాయి. గార తీయిస్తే పండ్లు కదులుతాయని మన ఊళ్ళో ఒక భయం ఉంది. గార పేరుకొని చిగురు జారినాకే పన్ను కదులుతుంది. గార తీస్తే ఆ సంగతి బయటపడుతుందే తప్ప, తీయడం వల్ల వచ్చింది కాదు. ఇంకొక మాట, ఎక్కువ రుద్దితే తెల్లబడతాయి అనేది తలకిందుల లెక్క. లోపలి డెంటిన్ రంగే పసుపు. పైన ఎనామిల్ అరిగేకొద్దీ ఆ పసుపు బయటికి కనపడుతుంది. తెలుపు కోసం బొగ్గుతో రుద్దినవాడి పండ్లు యాభై ఏళ్ళకు నా పండ్లలా ఉంటాయి. అతికించిన సిమెంట్లు, కట్టించిన పండ్లు చలువకు లొంగవు, అవి పాత రంగులోనే నిలిచిపోతాయని కూడా ముందే తెలుసుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పింది నా సోకు కథ. ఇంకొకటి చెప్పాలి, దీనికోసమే నిజానికి మాట్లాడటానికి ఒప్పుకున్నాను.

మన తరగతిలో కౌతాళం, కోసిగి, హొళగుంద, పెద్దకడబూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళలో కొందరి ముందు పండ్ల మీద గోధుమ రంగు అడ్డ గీతలు, సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు. మనం వాళ్ళను గార పండ్లోడా అని పిలిచాము. నేనూ పిలిచాను. సార్లు కూడా ప్రార్థనలో వరసగా నిలబెట్టి పండ్లు చూపించమని, తోముకోలేదని వేళ్ళ మీద కొట్టినారు. ఆ పిల్లలు మనకంటే ఎక్కువ తోమినారు. ఒకడిని వాళ్ళ నాయన జాతరలో సీసాలు పెట్టుకొని కూర్చున్న ఒకాయన దగ్గరికి తీసుకుపోయినాడు. పుల్లకు దూది చుట్టి, సీసాలో ముంచి, పంటికి రాస్తే బుస్సుమని నురుగు వచ్చి మరక పోయింది. యాసిడ్. నేను పక్కనే నిలబడి ఆశ్చర్యపోతూ చూశాను. పదో తరగతికి వచ్చేసరికి వాడు చల్లని నీళ్ళు తాగలేక, సద్దిలో పెరుగు పోయించుకోకుండా తినేవాడు.

ఆ మరకలు గార కాదు. నీళ్ళలోని ఫ్లోరైడ్. అమెరికాలోని కొలరాడోలో మెక్కే అనే దంతవైద్యుడు 1901 నుంచి ఈ గోధుమ మరకల వెంట పడ్డాడు. కారణం మాత్రం 1931లో దొరికింది. కనిపెట్టింది డాక్టరు కాదు, అల్యూమినియం కంపెనీలో నీళ్ళు పరీక్షించే చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త. మా జాతివాడు కాబట్టి గర్వంగా చెబుతున్నాను. మన దేశంలో ఈ జబ్బును మొదట వైద్యపత్రికకు ఎక్కించింది మన తెలుగు నేల నుంచే. 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి, షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు రాసినారు. వాళ్ళు చూసినవాళ్ళకు పండ్లే కాదు, వెన్నెముకలు కూడా బిగుసుకుపోయినాయి. తర్వాత నల్గొండ పేరు ప్రపంచానికి తెలిసింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ పద్ధతి అని పేరు. మన కర్నూలు జిల్లాలోనూ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళు ఉన్నాయి. ఆదోని టౌనులో మనం తుంగభద్ర కాలువ నీళ్ళు తాగి పెరిగాము. బసాపురం చెరువు ఎండితే పది రోజులకు ఒకసారి నీళ్ళు వచ్చేవని తిట్టుకున్నాము గానీ, ఆ నీళ్ళే మన పండ్లను కాపాడినాయని తెలియదు. రాతి లోతుల్లో నుంచి తోడిన బోరు నీళ్ళు వేరు.

మా అక్క కూతురు అట్లాంటి బోరు ఊళ్ళోనే పెరిగింది. డిగ్రీ అయిపోయింది. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళు "పిల్ల నవ్వదేమి?" అన్నారంట. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడడం ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. నా తెల్ల పండ్లు పెళ్ళిలో చూసి పక్కకు పిలిచి "మామా, నాకూ చేయించు" అంది. ఆ వారం రోజులూ ఇంట్లో నా అవస్థ కండ్లారా చూసిన పిల్ల ఆ మాట అడిగిందంటే, ఎంత బాధ ఉండి అడిగిందో అర్థం చేసుకోండి. అప్పటికే ఫోన్లో వీడియో చూసి మూడు నెలలు నిమ్మరసం, వంట సోడా కలిపి రుద్దుకుంది. నిమ్మరసం యాసిడ్ అని సైన్సు సారు మనకు ఏడో తరగతిలోనే చెప్పినాడు. జాతరలో సీసాకు, దీనికి తేడా గాఢతలోనే.

మా దంతవైద్యుడు వెంటనే చలువకు ఒప్పుకోలేదు. ఒక నెల నిమ్మకాయ మానిపించి పేస్టు, ఫ్లోరైడ్ పూత. మరకలు చేసిందీ ఫ్లోరైడే, పూసేదీ ఫ్లోరైడే, ఇదేమిటి అని అడిగాను. ఎనామిల్ తయారయ్యే వయసులో రోజూ తాగితే మరక, తయారైన పంటి మీద పూస్తే గట్టితనం అన్నాడు. నెల తర్వాత పలచని యాసిడ్, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో, చిగుళ్ళకు రబ్బరు షీటు అడ్డం పెట్టి, ముందు పండ్ల మీద గోధుమ పొరను వెంట్రుకవాసి మందం తీశాడు. యాసిడే, కానీ ఎంత పోవాలో లెక్క తెలిసిన చెయ్యి. ఆ తర్వాత 10 శాతం ట్రే, రోజు మార్చి రోజు. మొదటి వారం తెల్ల మచ్చలు ఇంకా ఎక్కువ కనపడి పిల్ల ఏడ్చింది. అట్లా అవుతుందని ఆయన ముందే చెప్పాడు కాబట్టి మానేయలేదు. రెండు నెలలకు గోధుమ రంగు లేత పసుపుకు వచ్చింది, మచ్చలు పూర్తిగా పోలేదు. ఇంకా పైన పొర అతికించవచ్చు అంటే "చాలు మామా" అంది. పెండ్లి ఎప్పుడు అని అడగవద్దు, ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాస్తోంది. చెయ్యి మాత్రం నోటి మీద నుంచి తీసేసింది.

దీనికంతా ఎంత ఖర్చయిందో, ఎన్నిసార్లు ఊరి నుంచి బస్సెక్కి వచ్చిందో మా అక్కకు తెలుసు. మరి ఆ పిల్ల తమ్ముడికి నాలుగేళ్ళు. వాడి పాల పండ్లు ముత్యాల్లా ఉన్నాయి. కానీ వాడికి ఆరేళ్ళకు రావాల్సిన పెద్ద పండ్లు దవడ లోపల ఇప్పుడే తయారవుతున్నాయి. దాదాపు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే ముందు పండ్లను జీవితాంతానికి నిర్ణయిస్తాయి. తర్వాత ఎంత చలువ చేసినా అది మరక మీద మరమ్మతే. వాళ్ళ బోరు నీళ్ళు పరీక్ష చేయించాను. మన జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. వాళ్ళది దానికి మించి ఉంది. ఇప్పుడు తాగడానికి, వంటకు ఆర్.ఓ. నీళ్ళు తెచ్చుకుంటున్నారు. మరగబెడితే పోతుందని మా అక్క అనుకుంది. మరగబెడితే నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. కుండ, క్యాండిల్ ఫిల్టరు కూడా దాన్ని తీయలేవు.

స్వర్ణోత్సవానికి బడికి ఏమివ్వాలి అని కమిటీలో రెండు నెలలుగా చర్చ నడుస్తోంది. ఆర్చి కట్టించాలని కొందరు, స్టేజి అని కొందరు. నాకు ఆర్చి మీద కోపం లేదు. కానీ ఇప్పుడు ఈ బడికి ఎన్ని ఊళ్ళ నుంచి పిల్లలు వస్తున్నారో, ఆ ఊళ్ళ బోర్లన్నింటినీ ఒకసారి పరీక్ష చేయించడానికి ఆర్చి డబ్బులో నాలుగో వంతు కూడా పట్టదు. లెక్క వేసి కోశాధికారి గారికి కాగితం ఇచ్చాను. నీళ్ళ పరీక్ష తెలిసిన మన బ్యాచీ మిత్రులు ఇద్దరు చేసిపెడతామన్నారు.

పిల్లలూ, మీరు చేయాల్సింది ఇది. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి, గాజుది వద్దు, ఫ్లోరైడ్ నమూనాకు ప్లాస్టిక్కే వాడాలి. బోరు ఐదు నిమిషాలు నడిచినాక, అదే నీళ్ళతో రెండుసార్లు కడిగి నింపండి. మీద ఊరి పేరు, బోరు ఎక్కడుందో, తేదీ రాయండి. చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళుంటే ఎంతమందో అది కూడా రాయండి. హెడ్‌మాస్టరు గారి గది పక్కన బల్ల వేయించాము, సోమవారం నుంచి శనివారం దాకా తెచ్చి పెట్టవచ్చు. ఖాళీ సీసాలు కావాలంటే భోజనాల దగ్గర, ఉగ్గాని పళ్ళేల పక్కన సంచిలో ఉన్నాయి.